బోర్డు మీది పేరు ఎవరిది?

కిరాణా కొట్టులో బియ్యమో కారమో నూనెనో అడిగే మనిషి సరుకు పేరుతో ఆగక, ఏ మార్కా కావాలో కూడా చెప్పడం తెలుగునాట పాత అలవాటు. చట్టం ట్రేడ్‌మార్క్ అనీ, తెలుగు న్యాయ పరిభాష వాణిజ్య చిహ్నం అనీ పిలిచేది ఈ మార్కానే. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం, కాగితం మీద రూపంగా చూపడానికి వీలుండి, ఒకరి సరుకులను లేదా సేవలను ఇతరుల వాటి నుంచి వేరుచేసి చూపగల ఏ గుర్తయినా మార్కా కాగలదు. మాట, అక్షరం, అంకె, బొమ్మ, సరుకు ఆకారం, పొట్లం తీరు, రంగుల కలయిక అన్నీ ఆ నిర్వచనంలో ఇముడుతాయి. చివరకు ధ్వని కూడా అందులో చేరుతుంది. 30 సెకన్లకు మించని ధ్వనిముద్రణను స్వరలిపితో కలిపి నమోదుకు సమర్పించే పద్ధతిని 2017 నాటి నిబంధనలు ఏర్పరచాయి. ఉదయ ప్రసారానికి ముందు వచ్చే ఆకాశవాణి బాణీ చెవిన పడగానే అది ఎవరిదో పోల్చుకోగలిగిన శ్రోతలకు, మాట అవసరం లేకుండానే ఒక శబ్దం తన యజమానిని ఎలా పట్టిస్తుందో వేరే వివరించనక్కరలేదు.

సరుకు ఏమిటో చెప్పడం మార్కా పని కాదు. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పడమే దాని పని. మంచి నువ్వుల నూనె అన్న మాట సరుకును వర్ణిస్తుందే తప్ప, ఆ నూనె ఆడిన గానుగ ఎవరిదో చెప్పదు. నమోదు వ్యవహారంలో ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ రెండు పనులను కలగాపులగం చేయడం వల్ల పుట్టినవే. తెలుగు వ్యాపారి తన కొట్టుకు పేరు పెట్టే తీరునూ, చట్టం ఆ పేరును తూచే తీరునూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆచారం దేనిని శుభమని కోరుకుంటుందో చట్టం తరచుగా దానినే బలహీనమని తేలుస్తుందన్న విచిత్రం కనబడుతుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టే నాటికి ఈ దేశంలో మార్కాల నమోదుకు చట్టమే లేదు. 1889 నాటి సరుకు గుర్తుల చట్టం నకిలీ గుర్తులు వేసినవారిని శిక్షించడానికి ఉద్దేశించినది. ఏ గుర్తు ఎవరిదో రాసిపెట్టే పుస్తకం దాని కింద ఏర్పడలేదు. అందువల్ల వ్యాపారులు దస్తావేజుల రిజిస్ట్రారు దగ్గర ఫలానా గుర్తు తమదని ప్రకటన పత్రం దాఖలు చేసి, వార్తాపత్రికల్లో హెచ్చరిక ప్రకటనలు వేయించి, గొడవ వచ్చినప్పుడు ఆ కాగితాలను సాక్ష్యంగా కోర్టు ముందు పెట్టుకొనేవారు. మార్కాల రిజిస్టరు 1940 చట్టంతో వచ్చింది. దాని స్థానంలోకి 1958 చట్టం, ఆ తరువాత 2003 సెప్టెంబరు 15 నుంచి ఇప్పటి 1999 చట్టం అమల్లోకి వచ్చాయి. సేవలకు మార్కా నమోదు ఈ చివరి చట్టంతోనే సాధ్యమైంది కనుక, అంతకు ముందు పచ్చడి సీసా మీది పేరును నమోదు చేయించుకోగలిగిన యజమాని, అదే పేరుతో నడిపే భోజన హోటలుకు సేవ కింద నమోదు పొందగలిగేవాడు కాదు.

ఇక పేర్ల సంగతి. తెలుగు బజారులో బోర్డుల మీద ముందు కనిపించేవి దేవుళ్ల పేర్లు: శ్రీ వేంకటేశ్వర, శ్రీ లక్ష్మి, కనకదుర్గ, సాయి. దేవుడి పేరు పెట్టడాన్ని చట్టం నిషేధించలేదు గాని, ప్రజల మత విశ్వాసాలను నొప్పించే గుర్తును నమోదు చేయరాదని తొమ్మిదో సెక్షన్ అంటుంది. అదీగాక వందల మంది వాడుతున్న పేరు ఏ ఒక్కరి చిరునామానూ సూచించదు. అగరుబత్తులకు రామాయణం అన్న పేరును తన మార్కాగా నమోదు చేయించుకోవాలన్న ఒక వ్యాపారి ప్రయత్నాన్ని సుప్రీంకోర్టు 2015లో తోసిపుచ్చుతూ, పవిత్ర గ్రంథాల పేర్లను సరుకుల అమ్మకానికి ఒకరి సొత్తుగా ఇవ్వడం కుదరదని చెప్పింది. శ్రీ లక్ష్మి అన్న పేరుకు ముందో వెనకో మరో విలక్షణమైన మాటో బొమ్మో చేర్చి మొత్తం కూర్పును నమోదు చేయించుకోవడం సాధ్యమే; అయితే అప్పుడు దక్కే హక్కు ఆ కూర్పు మీదే గాని, పక్క వీధిలో మరొకరు లక్ష్మి అన్న మాట రాసుకోకుండా ఆపడానికి అది చాలదు.

దేవుడి తరువాతి స్థానం ఊరిది. సరుకు పుట్టిన చోటును మాత్రమే సూచించే మాటను ఒక్కరికి కట్టబెట్టరాదన్నది తొమ్మిదో సెక్షన్‌లోని మరో నియమం. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ప్రతి కుటుంబానికీ ఆ ఊరి పేరు చెప్పుకొనే హక్కు ఉన్నందువల్ల ఈ నియమం న్యాయమైనదే. ఊరి పేరుకు రక్షణ వేరే చట్టంలో ఉంది. భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతం వల్లనే నాణ్యతో ఖ్యాతో వచ్చిన సరుకుకు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి తరఫున ఇచ్చే గుర్తింపు, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో దక్కింది. ఈ గుర్తింపుకూ మార్కాకూ భేదం తెలియక, భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి తన దుకాణం పేరుకూ రక్షణ దొరికిందని భావించడం పొరపాటు. గుర్తింపు సమష్టి ఆస్తి, మార్కా సొంత ఆస్తి. ఆత్రేయపురం వ్యాపారికి మార్కా కావాలంటే ఊరి పేరు పక్కన తనదైన ఇంకో పేరు ఉండవలసిందే.

శుద్ధం, రుచి, స్పెషల్, నంబర్ వన్ వంటి పొగడ్త మాటలకూ ఇదే గతి. ఇంటిపేర్ల విషయం కొంత మెరుగు. ఇంటిపేరు నమోదు కావచ్చు గాని, అదే ఇంటిపేరున్న మరో వ్యక్తి నిజాయితీగా తన పేరుతో వ్యాపారం చేసుకుంటే అడ్డుకొనే వీలు లేదని 35వ సెక్షన్ అంటుంది. అన్నదమ్ములు వేరుపడ్డాక ఇద్దరూ తాతగారి పేరుతోనే బోర్డులు కట్టే సందర్భాల్లో ఈ సెక్షన్ వాదోపవాదాలకు కేంద్రమవుతుంది. పొలాలు, ఇళ్లు పంచుకొనే దస్తావేజులో వ్యాపారం పేరు ఎవరి వాటాకు వస్తుందో ఒక్క వాక్యం రాసుకోని కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి.

పేరు బలహీనమైనదైనా కాలం దానికి బలం చేకూర్చగలదన్న సూత్రానికి తెలుగువారికి అందరికన్నా బాగా అర్థమయ్యే ఉదాహరణ ఈనాడు వ్యాజ్యం. ఈ నాడు అనేవి రెండూ నిత్యం వాడే మాటలే. తెలుగులో వాటికి ఇవాళ అని అర్థం, కన్నడంలోనూ తమిళ మలయాళాల్లోనూ ఈ దేశం అని అర్థం. బెంగళూరుకు చెందిన ఒక అగరుబత్తుల సంస్థ ఈ పేరుతో సరుకును ఆంధ్రప్రదేశ్‌లో అమ్మడంతో, 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు దినపత్రిక యాజమాన్యం కోర్టుకెక్కింది. ఇది అందరి నోటా నలిగే మాట, పైగా పత్రికకూ అగరుబత్తికీ పోలిక ఏమిటన్నది ఎదుటి పక్షం వాదన. సుప్రీంకోర్టు 2011 తీర్పులో, ఆంధ్రప్రదేశ్ వరకూ ఈనాడు అనగానే జనానికి ఫలానా సంస్థే గుర్తుకు వచ్చేంతగా ఆ మాటకు రెండో అర్థం ఏర్పడిందని అంగీకరించి, ఆ రాష్ట్రంలో అగరుబత్తులకు ఆ పేరు వాడకుండా నిలిపివేసింది. న్యాయశాస్త్రం రెండో అర్థం అనేది దీనినే: మాటకు నిఘంటువులో ఉన్న అర్థాన్ని వెనక్కి నెట్టి, కొనుగోలుదారుల జ్ఞాపకంలో యజమాని అనే అర్థం ముందుకు రావడం. పొరుగు రాష్ట్రంలో ఆ జ్ఞాపకం లేనందువల్ల అక్కడ ఆ మాట మామూలు మాటగానే మిగిలింది; పేరు విలువ పేరులో కాక జనం మనసులో ఉంటుందన్న దానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదనిపిస్తుంది.

అయితే అలాంటి ఖ్యాతికి దశాబ్దాలు పడుతుంది, కోర్టులో రుజువు చేయడానికి అమ్మకాల లెక్కలూ ప్రకటనల ఖర్చులూ సంవత్సరాల వారీగా చూపవలసి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టే వ్యాపారికి తేలికైన దారి మొదటే విలక్షణమైన పేరును ఎంచుకోవడం. ఏ భాషలోనూ అర్థం లేకుండా కల్పించిన మాట అన్నిటికన్నా గట్టిది. ఛాయాచిత్ర పరికరాల సంస్థ కొడాక్ పేరు అలా పుట్టినదే. అర్థం ఉన్నా సరుకుతో సంబంధం లేని మాట, కంప్యూటరుకు ఆపిల్ పండు పేరులా, దాదాపు అంతే గట్టిది. సరుకును నేరుగా చెప్పక ధ్వనింపజేసే మాటకు మూడో స్థానం. అమృతం, అంజనం అన్న రెండు పాత మాటలను అతికించి నాగేశ్వరరావు తన మందుకు పెట్టిన అమృతాంజనం అన్న పేరు ఈ కోవకు చెందుతుంది, నొప్పి మందు అని చెప్పకుండానే ఉపశమనాన్ని స్ఫురింపజేస్తుంది. మరీ గెలిచిన పేరుకు మరో గండం పొంచి ఉంటుంది. వనస్పతి అంతటినీ డాల్డా అనీ, ఏ యంత్రం మీద తీసిన నకలునైనా జిరాక్స్ అనీ జనం అంటున్నప్పుడు మార్కా కాస్తా సరుకు పేరుగా జారిపోయే ప్రమాదంలో పడుతుంది. ఎస్కలేటర్ అన్న మాట అమెరికాలో ఒక సంస్థ మార్కాగా పుట్టి 1950లో ఆ హక్కును ఇలాగే పోగొట్టుకొంది.

పేరు విలక్షణమైనదైతే సరిపోదు, అప్పటికే రిజిస్టరులో ఉన్న మరో పేరును అది తలపించకూడదు. పదకొండో సెక్షన్ చెప్పేది ఇదే. పోలికను ఎవరి కళ్లతో చూడాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1962లో అమృతధార, లక్ష్మణధార అన్న రెండు మందుల వ్యాజ్యంలో జవాబు చెప్పింది: రెండు సీసాలను పక్కపక్కన పెట్టి పరీక్షించే పండితుడి కళ్లతో కాదు, సగటు తెలివితో, అరకొర జ్ఞాపకంతో బజారుకు వచ్చే మనిషి కళ్లతో. మద్రాసు నస్యం వ్యాజ్యం ఇంకా ముచ్చటైనది. శ్రీ అంబాళ్ పేరు అప్పటికే రిజిస్టరులో ఉండగా, శ్రీ ఆండాళ్ పేరును మరో వ్యాపారి నమోదు చేయించబోయాడు. అంబాళ్ శివుని దేవేరి, ఆండాళ్ రంగనాథుని దేవేరి, దక్షిణాదిలో ఈ భేదం ఎవరికి తెలియదని అతని వాదన. నస్యం పీల్చేవారంతా ఈ శైవ వైష్ణవ భేదాలు ఎరిగినవారు కారనీ, కొనేవారిలో ఇతర మతాలవారూ ఉంటారనీ, కంటికి తేడా కనిపించినా చెవికి రెండు పేర్లూ ఒక్కలాగే వినిపిస్తాయనీ 1969లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒత్తులూ దీర్ఘాలూ మాటల్లో కరిగిపోయే తెలుగు ఉచ్చారణకు ఈ తీర్పు మరింత వర్తిస్తుంది. అక్షరం ఒకటి మార్చి రాశాం కనుక పేరు వేరయిందన్న ధీమా బోర్డు రాసే పెయింటరు వరకే పనికొస్తుంది. మందుల విషయంలో కొలత ఇంకా కఠినమైనది, ఎందుకంటే అక్కడ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

పోలికను పేర్ల మధ్యనే కాక సరుకుల మధ్య కూడా చూస్తారు. దీనికోసం నీస్ వర్గీకరణ అనే అంతర్జాతీయ పట్టిక వ్యాపార ప్రపంచాన్నంతా 45 తరగతులుగా విభజించింది. మొదటి 34 సరుకులవి, మిగిలిన 11 సేవలవి. ఊరగాయలు, వంటనూనెలు 29వ తరగతిలో, కారం, మసాలాలు, బియ్యం, మిఠాయిలు 30వ తరగతిలో, హోటలు భోజనం 43వ తరగతిలో పడతాయి కనుక, ఆవకాయతో పాటు సాంబారు పొడి కూడా అమ్మే ఇంటి వ్యాపారానికి కనీసం రెండు తరగతుల రుసుము తప్పదు. తరగతి ఒకటే అయినంత మాత్రాన పేరు దక్కదనీ లేదు, దక్కుతుందనీ లేదు. కర్ణాటక పాల సమాఖ్య నందిని పేరుకూ, బెంగళూరు హోటలు నందిని డీలక్స్ పేరుకూ నడిచిన వివాదంలో, అక్షరాలూ బొమ్మా వ్యాపారం తీరూ వేరు కనుక పాలు, పాల పదార్థాలు మినహాయించి హోటలు పేరు కూడా రిజిస్టరులో ఉండవచ్చని సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది.

దరఖాస్తు వ్యవహారం వినడానికి అనిపించినంత జటిలం కాదు. రిజిస్ట్రీకి ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, అహ్మదాబాదుల్లో కార్యాలయాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యాపారులకు సంబంధించినది చెన్నై కార్యాలయం. ముందుగా రిజిస్ట్రీ వారి ఉచిత శోధన సదుపాయంలో అదే పేరు, అలా వినిపించే పేరు ఉన్నాయేమో చూసుకొని, టీఎం-ఏ అనే నమూనాలో దరఖాస్తు పెట్టాలి. ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కో తరగతికి రుసుము వ్యక్తులకూ, గుర్తింపు పొందిన అంకుర సంస్థలకూ, చిన్న పరిశ్రమలకూ 4,500 రూపాయలు, మిగిలినవారికి 9,000. పేరు తెలుగు లిపిలో ఉంటే అది ఏ భాషో చెప్పి, ఉచ్చారణను ఇంగ్లీషు లేదా హిందీ అక్షరాల్లోనూ, అర్థాన్ని ఆ భాషలోనూ రాసివ్వాలి. పేరును బొమ్మతో, ప్రత్యేకమైన అక్షర శైలితో కలిపి నమోదు చేయిస్తే హక్కు ఆ రూపానికి ముడిపడుతుంది. ఉత్త మాటగా చేయిస్తే ఏ శైలిలో రాసినా వర్తిస్తుంది. రంగుల పరిమితి పెట్టకుండా నమోదు చేయించిన గుర్తు అన్ని రంగులకూ వర్తించినట్లే చట్టం భావిస్తుంది.

దరఖాస్తులో అన్నిటికన్నా జాగ్రత్తగా నింపవలసిన గడి పేరు వాడకం మొదలైన తేదీ. ఇంకా వాడకపోతే వాడదలచినట్లు రాయవచ్చు. ఇప్పటికే వాడుతుంటే ఆ తేదీని ప్రమాణ పత్రంతోనూ, పాత బిల్లులు, ప్రకటనలు, లైసెన్సుల వంటి ఆధారాలతోనూ నిలబెట్టాలి. ఈ దేశంలో ముందు నమోదు చేయించినవాడికన్నా ముందు వాడినవాడిది పైచేయి. తిరునల్వేలి ఇరుట్టుక్కడై హల్వా పేరు మీద 2015లో వచ్చిన తీర్పు ఈ మాటనే గట్టిగా చెప్పింది: ఇరుపక్షాల దగ్గరా నమోదు పత్రాలున్నా, ఒకరి పరపతిని మరొకరు సొమ్ము చేసుకోకుండా ఆపే పాత న్యాయసూత్రం ప్రకారం ముందు వాడిన వారిదే హక్కు. అందుచేత మొదటి బిల్లు పుస్తకాన్ని చిత్తు కాగితాలవాడికి అమ్మేసే దుకాణదారు తనకు తెలియకుండానే తన దస్తావేజును అమ్ముకుంటున్నాడనుకోవాలి. కంపెనీ నమోదు, జీఎస్టీ సంఖ్య, ఆహార భద్రతా లైసెన్సు ఇవేవీ పేరు మీద హక్కు ఇవ్వవు; వాడకానికి సాక్ష్యాలుగా మాత్రం పనికొస్తాయి.

పరీక్షకుడు దరఖాస్తును చూసి తొమ్మిది, పదకొండు సెక్షన్ల కింద అభ్యంతరాలుంటే నివేదిక పంపుతాడు. అది అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్లే లెక్క కావచ్చు. జవాబుతోనో విచారణతోనో తృప్తి కలిగితే మార్కాను వారం వారం వెలువడే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రకటిస్తారు. ఆనాటి నుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకత తెలుపవచ్చు; వ్యతిరేకత నోటీసు అందిన రెండు నెలల్లో దరఖాస్తుదారు బదులు ప్రకటన దాఖలు చేయాలి, ఈ గడువుకు పొడిగింపు లేదు. నమోదు పూర్తయితే హక్కు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది, పదేళ్లు నిలుస్తుంది, పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటే ఎన్ని తరాలైనా నడుస్తుంది. వృత్తంలోని ఆర్ అక్షరాన్ని ఈ ఘట్టం తరువాతే వాడాలి. అంతకు ముందు టీఎం అని రాసుకోవచ్చు. నమోదయిన పేరును అయిదేళ్లకు పైగా వాడకుండా మూలన పెడితే, ఇతరుల కోరిక మీద రిజిస్టరు నుంచి తొలగించే వీలుందని 47వ సెక్షన్ చెబుతుంది.

మార్కా హక్కు దేశ సరిహద్దు దాటదు. గుంటూరు కారం, గోదావరి జిల్లాల పచ్చళ్లు అమెరికాకు, గల్ఫ్ దేశాలకు నిత్యం వెళుతున్నా, ఇక్కడి నమోదు పత్రం అక్కడి అంగడిలో చెల్లదు. అక్కడి పంపిణీదారే ఆ పేరును తన పేరిట నమోదు చేయించుకుంటే తయారీదారు సరుకు దిగుమతికే అడ్డం పడవచ్చు. 2013 జూలై 8 నుంచి భారతదేశం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరినందువల్ల, ఇక్కడి దరఖాస్తునో నమోదునో ఆధారంగా చూపి ఒకే పత్రంతో ఎన్నో దేశాల్లో రక్షణ కోరవచ్చు. అయితే మొదటి అయిదేళ్లూ విదేశీ రక్షణ ఈ దేశపు ఆధారం మీదే నిలబడుతుంది. ఆ గడువులో ఇక్కడి దరఖాస్తు తిరస్కరణకు గురైతే అంతర్జాతీయ నమోదు కూడా ఆ మేరకు కూలిపోతుంది, అది రద్దయిన మూడు నెలల్లోగా ఆయా దేశాల్లో విడివిడిగా దరఖాస్తు పెట్టుకున్నవారికి మాత్రమే పాత తేదీ నిలుస్తుంది.